పచ్చపురుగు నెత్తురు

కాలు తీసెయ్యాలని డాక్టరు దుర్గాప్రసాద్ గారు చెప్పినప్పుడు ఎలీసమ్మ నవ్వింది. ఏడవాల్సిన చోట నవ్వే మనిషిని ఆయన పెద్దగా చూసినట్టు లేదు. చేతిలో పెన్ను అలాగే పట్టుకుని, "ఎందుకు నవ్వుతున్నావమ్మా?" అన్నాడు.

"మందు ఇంట్లో పెట్టుకుని కాలు కోయించుకోమంటే నవ్వొచ్చిందండీ" అంది ఎలీసమ్మ. మంచం పక్కన నిలబడ్డ కూతురి వైపు గడ్డం ఎగరేసి చూపించింది. "మా అమ్మాయి పురుగు నెత్తుట్లోంచి మందు తీసింది. గుళ్ళో సాక్ష్యం కూడా చెప్పాను నేను. మా ఊళ్ళో ఎవర్నన్నా అడగండి."

లిడియాకు చెవుల వెనక చెమట పట్టింది. డాక్టరు ఆమె వంక తిరిగాడు.

"మీరు డాక్టరా?"

"కాదు సార్. యూనివర్సిటీలో జువాలజీ రీసెర్చి చేస్తున్నాను. శనగపచ్చ పురుగు నెత్తురులో క్రిముల్ని చంపే ప్రొటీన్లుంటాయి, వాటి మీద. అది మందు కాదు సార్."

చివరి మాట నోట్లోనే నలిగింది. తల్లికి వినబడలేదు. వినబడేట్టు అనలేదన్నదే నిజం.

డాక్టరు ఎలీసమ్మ ఎడమ పిక్క మీద పెన్నుతో అడ్డంగా గీత గీశాడు. గీతకు కింద కాలు వాచి, మెరుస్తూ, పాదం దగ్గరికొచ్చేసరికి మాగిన వంకాయలా ఉంది. "నలుపు ఇక్కడి దాకా వచ్చింది. ఉన్న మందులన్నీ వాడి చూశాం, ఈ చీములో ఉన్న క్రిమి దేనికీ లొంగట్లేదు. ఇవాళ ఒప్పుకుంటే మోకాలి కింద తీస్తాం. మోకాలు మిగిలితే పెట్టుడు కాలుతో మళ్ళీ నడుస్తావు. గీత దాటి పైకి పోయిందా, మోకాలు కూడా పోతుంది. ఇంకా ఆలస్యమైతే కాలితో తీరే పని కాదు" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.

ఎలీసమ్మ గీతను వేలితో తుడవబోయింది. పోలేదు. "గేదెకి ముద్దరేసినట్టు ఏశాడు" అంది.

ఎలీసమ్మది పర్చూరు దగ్గర పల్లె. ఎండాకాలం ముందు మిర్చి కోతలు, కల్లం పని, మిగతా కాలం పత్తి తీత. భర్త జోసఫ్ పురుగుమందు కొట్టే కూలికి పోయేవాడు. ఒకసారి గాలి తిరిగి మందు మీద పడి, చేలోనే నురగలు కక్కుతూ పడిపోయాడు. బతికి బయటపడ్డాక మళ్ళీ డబ్బా భుజానికి ఎత్తలేదు.

ఆ పచ్చపురుగును తిట్టని నోరు ఆ చుట్టుపక్కల లేదు. పత్తికాయకు బొక్క పెట్టేది అదే, మిరపకాయలో దూరేది అదే, శనగకాయ తొలిచేది అదే. అలాంటి పురుగు మీద చదువు చదువుతానని లిడియా చెప్పినప్పుడు, జోసఫ్ "దాన్ని చంపే చదువా, పెంచే చదువా?" అని అడిగాడు.

"పెంచి, నెత్తురు తీసే చదువు నాన్నా."

"మన నెత్తురు తాగి బతికేదానికి సొంత నెత్తురు కూడా ఎందుకంట?" అన్నాడు జోసఫ్.

ఎలీసమ్మ మాత్రం నవ్వి వదిలెయ్యలేదు. కూతురు ఏం చేస్తున్నదో తనకు తెలియాలి. ఒక ఆదివారం ఆరాధన అయిపోయి వచ్చి, వాకిట్లో కూర్చుని, మర్నాటి కల్లం పనికి ఆముదం సీసా వెతుక్కుంటూ అడిగింది: "ఆ పురుగుకి జరమొస్తే ఏమయిద్దే?"

లిడియా చెప్పింది. పురుగుకు మనలా ఎర్ర నెత్తురు ఉండదు, పసరు రంగు నీళ్ళుంటాయి. క్రిమిలో ముంచిన సూదితో దాన్ని గుచ్చితే, తెల్లారేసరికి ఆ నీళ్ళలోకి చిన్న చిన్న ప్రొటీన్లు వచ్చి చేరతాయి. మందుల షాపు లేదు, డాక్టరు లేడు, పురుగు తన వైద్యం తనే చేసుకుంటుంది. ప్రతి క్రిమికీ చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. ఈ ప్రొటీన్ పోయి ఆ పొరకు అంటుకుంటుంది. అంటుకుని, లోపలికి దిగి, చిల్లి పొడుస్తుంది. చిల్లులు పడ్డ క్రిమి ఉబ్బి, పగిలి చస్తుంది.

"మరి దాని ఒంటికి చిల్లి పెట్టుకోదా?"

లిడియా తల్లి చేతిలోని ఆముదం సీసా చూసింది. "తడి చేత్తో కారం ముట్టుకుంటే ఏమయిద్దమ్మా?"

"పట్టేసిద్ది. రాత్రంతా మంటే."

"నూనె రాసుకుంటే?"

"అంత పట్టదు."

"అంతే. క్రిమి పొర తడి చెయ్యి లాంటిది. మన ఒంట్లో కణాల పొరకు కొలెస్ట్రాల్ అని ఒకటి ఉంటుంది, నూనె రాసినట్టు. ప్రొటీన్ అంత తేలిగ్గా పట్టదు."

ఇది సగం నిజం. పుస్తకాల్లో మంచి పేరు తెచ్చుకున్న ప్రొటీన్ల గురించి రాసిన మాట. లిడియా తీస్తున్న ప్రొటీన్ గురించి అప్పటికి ఎవరూ ఏమీ రాయలేదు. కానీ ఎలీసమ్మకు ఆ నూనె మాట గుండెలో నాటుకుంది. ఆ తర్వాతి ఆదివారం గుళ్ళో లేచి నిలబడి, "దేవుడు మన ఒంట్లో ప్రతి కణానికీ నూనె రాసి పంపాడంట, మా లిడియా కనిపెట్టింది, పురుగు నెత్తుట్లో మందుంది, స్తోత్రం" అని సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్ళంతా స్తోత్రమన్నారు. అప్పటినుంచి ఊళ్ళో లిడియా పేరు 'పురుగు మందు అమ్మాయి' అయింది. మొదట్లో అది ఎగతాళో గౌరవమో తెలిసేది కాదు. ఎలీసమ్మ ఊరంతా తిరిగి దాన్ని గౌరవం చేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు లిడియా ఒక పరీక్ష చేసింది. తన నెత్తురే కాస్త తీసుకుని, ఉప్పునీళ్ళలో కలిపి, అందులో తన ప్రొటీన్ వేసింది. ఎర్రకణాలు చెక్కుచెదరకుండా ఉంటే గొట్టం అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా తేలాలి. తేలలేదు. గొట్టమంతా ఎర్రగా కలిసిపోయింది. ఆమె ప్రొటీన్ నూనెను లెక్కచెయ్యలేదు. క్రిమి పొరను పొడిచినట్టే మనిషి కణాన్నీ పొడిచింది. గైడు సౌజన్య మేడం చూసి, "పురుగుకు ఎర్రకణాలుండవు లిడియా. తన ఒంట్లో లేనిదాన్ని కాపాడాలని దానికెందుకుంటుంది?" అంది. మందుకు పనికిరాకపోయినా, పొర మీద అదెలా పనిచేస్తుందో తేల్చినా మంచి పేపరే అవుతుందని ధైర్యం చెప్పింది.

ఆ ఎర్ర గొట్టం సంగతి లిడియా ఇంట్లో చెప్పలేదు. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మ ఎవరో ముసలమ్మకు కూతుర్ని చూపించి చెబుతూ ఉంటే, మధ్యలో ఎలా చెబుతుంది? తర్వాత చెబుదాంలే అనుకుంది. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

శీతాకాలంలో ల్యాబులో పెంచుతున్న పురుగులకు తెగులు తగిలి, ఒక్కొక్కటీ తలకిందులుగా వేలాడి నల్లటి నీరై కారిపోయాయి. లిడియా ఫోనులో ఏడుపు గొంతుతో చెబితే, "పురుగులకా కరువు?" అంది ఎలీసమ్మ. "మందు కొట్టని శనగచేను నాకు తెలుసు, ఏరి పంపిస్తా." ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయని కూతురు చెప్పింది గనక, గుళ్ళో ప్రభువు బల్లప్పుడు ద్రాక్షరసం పోసిచ్చి పారేసే బుల్లి ప్లాస్టిక్ కప్పులు అడిగి తెచ్చి, కడిగి, ఒక్కో కప్పులో ఒక్కో పురుగును పెట్టి గుడ్డ కట్టింది. ఆ శనగచేనుకు దారి, పత్తి కట్టె నరికిన చేలోంచి. ఏటవాలుగా నరికిన పత్తి మోడు ఎంత వాడిగా ఉంటుందో అక్కడి వాళ్ళకు తెలుసు. అలాంటిదొకటి ఆమె చెప్పులోంచి అరికాలిలోకి దిగి, ముక్క విరిగింది. ఎలీసమ్మ దాన్ని లాగి పారేసి, ఇంటికొచ్చి పసుపు అద్ది, పురుగుల్ని బస్సులో పంపించింది.

ఆమెకు చాన్నాళ్ళుగా షుగరుంది. మాత్ర ఒక పూట వేసుకుంటే ఒక పూట మరిచేది.

మిర్చి కల్లంలో బతికినవాళ్ళకి ఒక లెక్కుంది. పుండు మానిందో లేదో డాక్టరు చెప్పక్కర్లేదు, కారమే చెబుతుంది. ఎండిన కాయను బస్తాల్లో పోసి కాళ్ళతో తొక్కేటప్పుడు, వెంట్రుకంత గీత ఉన్నా ప్రాణం నడినెత్తికి వస్తుంది. మండితే పచ్చి, మండకపోతే మాన్పు. తాతల నాటి ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఎలీసమ్మ ఆ కాలుతోనే బస్తాల్లో దిగి తొక్కింది. మండలేదు. సాయంత్రం కూతురికి ఫోను చేసి, "కారంలో నిలబడ్డా గోరంత మండలా. మానిపోయింది, నువ్వు దిగులు పడమాక" అంది.

"హమ్మయ్య, మంచిదమ్మా" అంది లిడియా.

షుగరు ముదిరితే పాదంలో నరాలు చచ్చిపోతాయని, నిప్పు మీద పెట్టినా తెలియదని ఆమె చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ ఫోనులో అమ్మ గొంతు వింటున్నప్పుడు ఆమె రీసెర్చి స్కాలరు కాదు, ఆ కల్లంలో గోనెపట్టా ఉయ్యాలలో ఊగిన పిల్ల. మండకపోతే మానినట్టే.

కల్లం పనులు ముగిసేదాకా ఎలీసమ్మ తొక్కుతూనే ఉంది. ఇంట్లో ఏదో వాసన వస్తుంటే, గంప కింద కోడిపిల్ల చచ్చిందేమోనని జోసఫ్ మూలమూలా వెతికాడు. వాసన తన పెళ్ళాం కాలిదని తెలిసేసరికి పాదం సగం నల్లబడింది.

డాక్టరు వెళ్ళిపోయాక జోసఫ్ మంచం పక్క స్టూలు మీద కూలబడ్డాడు. "ఒప్పుకోవే" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో. కాలు లేకపోతే ఎవరు పనికి పిలుస్తారు నన్ను?"

"పనెందుకే, నేను లేనా?"

"నువ్వుండే కదా ఇన్నాళ్ళూ నేను పనికెళ్ళింది."

పక్క మంచం మీద సుభానీ అనే ఆయనకు ఒక కాలు అప్పటికే తీసేశారు. ఆయన భార్య నసీమున్నీసా బత్తాయి వలుస్తూ కల్పించుకుంది. "అక్కా, మా ఆయనకు కాలు తీశాక ఏమైనా తగ్గిందా చూడు. నోరు మునుపటికంటే ఎక్కువైంది. మంచం మీద నుంచే నన్ను పరిగెత్తిస్తున్నాడు."

"నీకు పరిగెత్తను కాళ్ళున్నయ్ గదా" అన్నాడు సుభానీ.

ఎలీసమ్మ కూడా నవ్వింది. నవ్వి, కూతురి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆ చెయ్యి జ్వరంతో కాలుతోంది. "లిడియా, డాక్టర్లకి తెలీదు. నువ్వు తెచ్చి ఎయ్యి. నీ కోసం ఏరిన పురుగులే గదా, నాకు పనికిరాకుండా పోతాయా?"

అప్పుడు చెప్పింది లిడియా. నెలల తరబడి దాచిన ఎర్ర గొట్టం సంగతి, మెల్లగా, తల్లి కళ్ళలోకి చూడకుండా. ఆ ప్రొటీన్ క్రిమినీ పగలగొడుతుంది, నెత్తురునూ పగలగొడుతుంది, పుండు మీద పోస్తే బతికున్న కండను కూడా తినేస్తుంది అని.

ఎలీసమ్మ కూతురి చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత అడిగింది: "ఎవరి నెత్తురు పోసి చూశావు?"

"నాదే."

"నీ నెత్తురు నీది. మొదటి నుంచీ నువ్వు బలం లేని పిల్లవి. నా నెత్తురుతో చేశావా?"

"ఎవరి నెత్తురైనా ఒకటేనమ్మా."

"ఒకటే అయితే ఆ డాక్టరు ఎక్కించేముందు గ్రూపులెందుకు చూస్తాడు?" ఎలీసమ్మ గొంతు పెరిగింది. "నా నెత్తురుతో చెయ్యి. నా కాల్లో ఉన్న క్రిమితో చెయ్యి. అది కూడా పగిలిందంటే అప్పుడు కోయించుకుంటా. చూడకుండా మాత్రం నేను కాలివ్వను."

జోసఫ్ కూతురి మొహం చూశాడు. "ఎంతసేపు పట్టుద్ది?"

"రేపు పొద్దుటికి తెలుస్తుంది నాన్నా."

ఇక్కడ కాదనాల్సింది లిడియా. పెన్ను గీత కళ్ళ ముందే ఉంది. ఫలితం ఏమిటో ఆమెకు తెలుసు. అయినా కాదనలేదు. ఎందుకంటే ఆమె మనసులో ఒక మూల ఒక మాట మెదిలింది: మోతాదు తగ్గిస్తే? క్రిమి చచ్చి, నెత్తురు మిగిలే మోతాదు ఎక్కడో ఒకచోట ఉంటే? ల్యాబులో అందరూ వెతికేది అదే. అమ్మ కోసం వెతికితే దొరకదా? తల్లి మొండితనం వల్ల ఆ రోజు పోయిందని తర్వాత అందరూ అనుకున్నారు గానీ, సగం మొండితనం కూతురిది.

నర్సమ్మ చిన్న గొట్టంలో నెత్తురు తీసిచ్చింది. చీములోంచి పెంచిన క్రిమిని సౌజన్య మేడం ఫోను చేసి ఆసుపత్రి ల్యాబు నుంచి ఇప్పించింది. లిడియా ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, యూనివర్సిటీ మీదుగా మంగళగిరి వెళ్ళే బస్సెక్కింది. మేడం కూడా ఇంటికి పోకుండా ల్యాబులోనే కాచుకుని ఉంది. "ఫలితం ఎలా వచ్చినా ఇది మనిషికి వాడేది కాదు. అది గుర్తుంచుకుని చెయ్యి" అంది. లిడియా తల ఊపింది. ప్రొటీన్‌ను పల్చన చేస్తూ, ఇంకా పల్చన చేస్తూ, వరసగా గొట్టాలు పెట్టింది. ఒక వరసలో అమ్మ క్రిమి, ఒక వరసలో అమ్మ నెత్తురు. రెండూ ఒకే మనిషి ఒంట్లోంచి వచ్చినవే.

తెల్లారి చూసింది. చిక్కటి గొట్టాల్లో క్రిమి చచ్చింది. ఏ మందుకూ లొంగని క్రిమి చచ్చి, గొట్టం మంచినీళ్ళలా తేటపడింది. లిడియా గుండె ఒక్కసారి పైకి లేచింది. ఆ వెంటనే పక్క వరస చూసింది. అవే మోతాదుల దగ్గర నెత్తురు గొట్టాలన్నీ ఎర్రగా కలిసిపోయి ఉన్నాయి. పల్చన చేసుకుంటూ పోయిన కొద్దీ ముందుగా క్రిమి బతకడం మొదలుపెట్టింది. అది బతికి గొట్టం మసకబారిన చోట కూడా నెత్తురింకా పగులుతూనే ఉంది. ఆమె వెతికిన ఆ మోతాదు లేదు. క్రిమికంటే అమ్మే ముందు చచ్చే మందు అది.

మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. లిడియా రెండు గొట్టాలు ఏరి సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. ఒకటి వట్టి ఉప్పునీళ్ళు కలిపింది, ఒకటి ప్రొటీన్ కలిపింది.

ఆమె వచ్చేసరికి ఎలీసమ్మకు వొణుకు పట్టుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పి జోసఫ్ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నల్లదనం పెన్ను గీతను దాటి మోకాలి చిప్ప పక్కకు పాకింది. లిడియా చూడనట్టే ముందు గొట్టాలు బయటికి తీసింది. వాటిని తల్లి మొహం దగ్గర వెలుతురుకు పట్టుకుంది.

"ఇది ఏమీ కలపని నీ నెత్తురు. అడుక్కి దిగింది చూడు, పైన నీళ్ళెంత తేటగా ఉన్నాయో."

"ఊఁ."

"ఇది నా ప్రొటీన్ పోసింది."

ఎలీసమ్మ కళ్ళు చికిలించి చూసింది. గొట్టం తనే పట్టుకుని, అటూ ఇటూ వంచింది. ఎర్రటి నీళ్ళు అడుగు నుంచి మూతిదాకా ఒకే రంగులో కదిలాయి.

"ఇది నాదేనా? మార్చలేదు గదా?"

"నీదేనమ్మా."

"క్రిమి చచ్చిందా?"

"చచ్చింది."

"అదీ చచ్చింది, నేనూ చచ్చాను" అంది ఎలీసమ్మ. గొట్టాన్ని కూతురి చేతిలో పెట్టి, మొగుడి వైపు తల తిప్పింది. "నువ్వు మోసిన డబ్బాలో మందు లాంటిదేనయ్యా. పురుగునీ కొట్టుద్ది, కొట్టేవాణ్ణీ కొట్టుద్ది." ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. గుళ్ళో తాను లేచి నిలబడి చెప్పిన మాటల్ని ఎవరో వెనక్కి తీసుకోమన్నట్టు, మొహం చిన్నబోయింది. కాసేపటికి, "పిలవండి ఆయన్ని" అంది.

డాక్టరు వచ్చి కాలు నొక్కి చూశాడు. జోసఫ్‌ను, లిడియాను వరండాలోకి తీసుకెళ్ళాడు. "మోకాలి పైన తియ్యాలి" అన్నాడు. నిన్న ఒప్పుకునుంటే అన్న మాట ఆయన అనలేదు. అననక్కర్లేకపోయింది.

సాయంత్రం ఆపరేషను థియేటరు తలుపు తీసి ఒకతను, "ఎలీసమ్మ తాలూకు ఎవరు?" అని పిలిచాడు. మనిషి బాగానే ఉంది, గంటలో వార్డుకు తెస్తారని చెప్పాడు. ఆ తర్వాత, బాగా అలవాటైన గొంతుతో, "కాలు మీరు తీసుకెళ్తారా? మాకు వదిలేస్తే కాల్చేసేవాటిల్లోకి పోద్ది" అని అడిగాడు.

జోసఫ్ ముందుకొచ్చాడు. "తీసుకెళ్తాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఎలీసమ్మ ఇంకా మగతలో ఉండగానే, నసీమున్నీసాను కాస్త కనిపెట్టుకోమని చెప్పి తండ్రీ కూతుళ్ళు బయల్దేరారు. ఊరి నుంచి అక్బర్ ఆటో తెచ్చాడు. తెల్లగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టిన మూటను జోసఫ్ ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. అది బరువుగా ఉంది. ఒక మనిషి కాలు అంత బరువుంటుందని లిడియాకు అప్పటిదాకా తెలియదు.

"ఏంది బాబాయ్ అది, ఒళ్ళో పెట్టుకున్నావు? ఎనక పడెయ్యరాదా?" అన్నాడు అక్బర్.

"మీ పిన్ని" అన్నాడు జోసఫ్.

అక్బర్ అద్దంలోంచి చూశాడు. పాట ఆపేశాడు. పర్చూరు దాకా ఆటోను గుంటల్లో పడకుండా మెల్లగా నడిపాడు.

సమాధుల దొడ్డి గేటు దగ్గర పాస్టరు మార్కు గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "జోసఫ్, కాలికి చదివే క్రమం మనకు లేదయ్యా. మనిషి బతికే ఉంది. నేను ఏమని ప్రార్థన చెయ్యను?"

"చెయ్యకపోతే చెయ్యకపోనీండి అయ్యగారూ" అన్నాడు జోసఫ్. "కాకపోతే ఇన్నేళ్ళూ గుడికి నడిచొచ్చిన కాలది. కుక్కని పూడ్చినట్టు పూడ్చలేను."

పాస్టరు గారు గొడుగు మూసేశారు.

జోసఫ్ తనే తవ్వాడు. తన తల్లి సమాధి పక్కన, ఎప్పటికైనా ఎలీసమ్మను పెట్టడానికి అనుకున్న చోటు వదిలి, దానికి ఎడమ వైపున. గొయ్యిలోకి దింపబోతూ ఆగాడు. మూటలో తొడ ఎటో పాదమెటో తెలియడం లేదు. వాళ్ళలో మనిషిని పాదాలు తూర్పుకు వచ్చేట్టు పెడతారు. మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ మీది నుంచి తడిమాడు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, మెల్లగా, నిద్రపోతున్న మనిషిని లేపకుండా తడిమినట్టు. మడమ దొరికింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. లిడియా మొహం తిప్పుకుంది. పాదం తూర్పుకు తిప్పి దింపాడు.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని మాట కోసం వెతికినట్టున్నారు. "ఈమె నడిచిన దారులన్నిటికీ నీకు స్తోత్రం ప్రభువా" అన్నారు. ఇంకేదో అనబోయి, అంతటితోనే ఆమేన్ అన్నారు. జోసఫ్ పార పక్కన పెట్టి కూతురికి చోటిచ్చాడు. లిడియా వంగి పిడికిలితో మట్టి తీసి వేసింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఎలీసమ్మకు తెలివొచ్చింది. నసీమున్నీసా చెంచాతో బార్లీ నీళ్ళు పోస్తోంది. పెదాలు ఎండి, మొహం గుప్పెడంతై ఉంది. కూతుర్ని చూడగానే చెంచాను పక్కకు నెట్టింది.

"ఎక్కడ పెట్టారు?"

"నాయనమ్మ పక్కనమ్మా. నీకు చోటు వదిలే పెట్టాడు నాన్న."

"ఎటేపు?"

"ఎడం వైపే. పాదం తూర్పుకే."

ఎలీసమ్మ ఆలోచించుకుంది. సరిపోయినట్టు రెప్పలు వాల్చింది. "అయ్యగారు వచ్చారా?"

"వచ్చారు. ప్రార్థన కూడా చేశారు."

"నువ్వు మన్నేశావా?"

"వేశాను."

"ఏడిచావా?"

లిడియా తల అడ్డంగా ఊపింది.

"ఏడవాల్సింది" అంది ఎలీసమ్మ. "ఎవరిదో కాదుగా."

లిడియా మంచం చివరికంటా నడిచింది. అక్కడ దుప్పటి కింద ఒక పక్కన కాలు ఎత్తుగా ఉంది, రెండో పక్కన దుప్పటి చదునుగా పరుచుకుని ఉంది. ఆ చదును మీద తల పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఎలీసమ్మ పడుకున్న చోటి నుంచే చెయ్యి చాపింది. ఆ చెయ్యి అంత దూరం అందలేదు.